చలిలో చవక లైను: ఒక సంవాదం

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పేర్ మార్కెట్ అనే నది ఉంది. బాల్డ్విన్ ఊరి దగ్గర ఎం-37 రోడ్డు వంతెన నుంచి గ్లీసన్స్ ల్యాండింగ్ దాకా, దాదాపు 8 మైళ్ల మేర, ఆ నదిలో ఫ్లై ఫిషింగ్ తప్ప మరో రకంగా గాలం వేయడానికి వీల్లేదు. భూమిలోంచి ఊరే నీరు కలుస్తూ ఉంటుంది కాబట్టి నడిచలికాలంలోనూ ప్రవాహం ఆగదు. గాలి సున్నాకు ఎంత దిగువన ఉన్నా స్టీల్‌హెడ్, బ్రౌన్ ట్రౌట్ చేపల కోసం నడుములోతు నీళ్లలో దిగి నిలబడేవాళ్లుంటారు. అమెరికాలో బ్రౌన్ ట్రౌట్ పిల్లల్ని మొదట వదిలింది ఈ నదిలో కలిసే బాల్డ్విన్ ఏటిలోనే, 1884లో. జర్మనీ నుంచి వచ్చిన ఆ గుడ్లను పొదిగించిన నార్త్‌విల్, ఇవాళ ఎన్నో తెలుగు కుటుంబాలు కాపురముంటున్న నోవైకి పక్క ఊరే. డెట్రాయిట్ శివార్లలో ఉద్యోగం చేస్తూ ఈ విద్య నేర్చుకుంటున్న మనవాళ్లకు మొదటి చలికాలంలోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది: 40 డాలర్ల లైను చాలా, 130 డాలర్లది కొనాలా?

తెలియనివారి కోసం ఒక్క మాట. మామూలు గాలంలో ఎర బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఈకలతో, బొచ్చుతో కట్టిన పురుగు బొమ్మకు దాదాపు బరువే ఉండదు. కాబట్టి లైను బరువుతోనే దాన్ని విసరాలి. అందుకే ఈ లైను ఒక మిల్లీమీటరు అటూ ఇటూ లావుంటుంది, పొడవు సుమారు 27 మీటర్లు. లోపల నైలాన్ దారం, పైన ప్లాస్టిక్ పూత. చలిలో వచ్చే చిక్కు చాలావరకు ఈ రెండింటిదే. కింద వాదించుకుంటున్న బావా బావమరుదులు కల్పిత పాత్రలు. వాదంలోని సంగతులు మాత్రం కల్పితాలు కావు.

బావ: చూడవోయ్, నేను డాంబికం కోసం ఖరీదైన లైను కొనమనడం లేదు. చలికాలపు చేప స్వభావం చూసి చెబుతున్నాను. నీటి ఉష్ణోగ్రత 1 నుంచి 4 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ట్రౌట్ ఒంట్లో జీవక్రియలన్నీ మందగిస్తాయి. నిదానంగా సాగే లోతు మడుగుల్లో అడుగున పడి ఉంటుంది, ముందుకొచ్చి వేటాడదు, నోటి ముందుకు కొట్టుకొచ్చిన నింఫ్‌ను, అంటే నీటి పురుగు బొమ్మను, ఊరికే అలా నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుంది. ఆ క్షణం మన చేతికి తెలియాలంటే రాడ్ కొస నుంచి, చేప తాకిడిని చూపే ఇండికేటర్ అనే బెండు దాకా లైను తిన్నగా ఉండాలి. చవక లైను చలిలో తీగలా బిగుసుకుని, రీలు మీద ఎలా చుట్టుకుందో అలాగే చుట్టలు చుట్టలుగా నీటి మీద పడుతుంది. చేప లాగిన లాగుడంతా ఆ చుట్టలు విప్పడానికే సరిపోతుంది. మనం రాడ్ ఎత్తేసరికి చేప వదిలేసి పోయి ఉంటుంది. ప్రవాహానికి ఎదురుగా లైనును మళ్లించి వేద్దామన్నా బిర్రబిగిసిన లైను మాట వినదు. 90 డాలర్లు మిగుల్చుకోబోయి చలికాలమంతా చేజార్చుకోవడం ఏం పొదుపు? డబ్బుకు తగ్గ సరుకన్నది ఇక్కడ చేతిలోనే తెలిసిపోతుంది.

బావమరిది: మీరు చెప్పిన లక్షణాలన్నీ ఒప్పుకుంటున్నాను బావగారూ. రోగం అదే, కారణం మాత్రం ధర కాదు. లైను పూత ఎక్కువగా పీవీసీ. ఏమీ కలపని పీవీసీ గట్టి పైపుల ప్లాస్టిక్. 80 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు వేడెక్కితే గాని మెత్తబడదు. దాన్ని వేలికి చుట్టుకునేంత మెత్తగా చేసేది అందులో కలిపే ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం. అది పాలిమర్ గొలుసుల మధ్య దూరి అవి ఒకదాని మీద ఒకటి జరిగేలా చేస్తుంది, మెత్తబడే ఉష్ణోగ్రతను సున్నాకు దిగువకు దింపుతుంది. ఏ ప్లాస్టిసైజర్, ఎంత కలిపారు అన్నదాన్ని బట్టి ఏ చలిలో ఆ పూత బిగుసుకుంటుందో తేలుతుంది. ఆ బిగుసుకోవడమూ ఒక్కసారిగా రాదు, డిగ్రీ డిగ్రీకీ పెరుగుతూ వస్తుంది. ఇంటి వెనక మొక్కలకు నీళ్లు పెట్టే గొట్టం నవంబరులో ఎలా కర్రబారుతుందో చూస్తూనే ఉంటారుగా, అదీ పీవీసీయే, ఇదీ పీవీసీయే. చలికి తగ్గ పాళ్లలో కలిపితే చవక లైను కూడా మెత్తగా ఉంటుంది. ఎండకు తగ్గ పాళ్లలో కలిపితే ఎంత పెట్టి కొన్నా బిగుసుకుంటుంది.

బావ: పాళ్లు కుదరడానికే కదా డబ్బు! మేలురకం ప్లాస్టిసైజర్, పూత అంతటా ఒకే మందం, పరీక్షలు, పరిశోధన, వీటన్నిటికీ ఖర్చవుతుంది. ఫ్లై లైన్ల పరిశ్రమ పుట్టి పెరిగిన చోట్లే చూడు. కార్ట్‌లాండ్ కంపెనీ 1915లో న్యూయార్క్ రాష్ట్రంలో మంచు పడే ఊళ్లో మొదలైంది. సైంటిఫిక్ యాంగ్లర్స్ 1945లో మన మిషిగన్‌లోనే, డౌ కెమికల్ ఉన్న మిడ్‌ల్యాండ్‌లో మొదలైంది. రసాయన శాస్త్రం తెలిసిన ఊళ్లో, చలి తెలిసిన మనుషులు చేసిన లైను వేరు. ఎక్కడో ఎవరో పోతపోసి పెట్టెలో పెట్టి పంపింది వేరు. పట్టు లైన్ల కాలంలో రోజూ విప్పి ఆరబెట్టి కొవ్వు రాయాల్సి వచ్చేది. ఆ బాధ తప్పించింది ఇలాంటి కంపెనీల పనితనమే. దానికి వెల కట్టాల్సిందే.

బావమరిది: కట్టాల్సిందే, కాదనను. కానీ ఆ కంపెనీల దుకాణంలోనే మీ వాదానికి ఎదురు సాక్ష్యం దొరుకుతుంది. బోన్‌ఫిష్, టార్పన్ చేపల కోసం ఫ్లోరిడాకూ బహామాస్‌కూ వెళ్లేవాళ్లకు అమ్మే ఉష్ణమండలపు లైను ఉంది చూడండి, అది 100 డాలర్లు దాటిన సరుకే. అదే కంపెనీ, అదే పనితనం, అదే పరిశోధన. 30 డిగ్రీల ఎండలో మెత్తబడి జారిపోకూడదని దాని పూత గట్టిగా చేస్తారు, లోపల చాలాసార్లు లావుపాటి నైలాన్ ఒంటి పోగు పెడతారు. ఆ లైనును జనవరిలో పేర్ మార్కెట్‌కు తీసుకెళితే స్ప్రింగులా చుట్టుకుని కూర్చుంటుంది. చల్లటి నీటికని చేసిన 40 డాలర్ల లైను దాని పక్కన ఎంతో నయం. తయారీదారులే పెట్టెల మీద చల్లని నీటికని, వేడి ప్రాంతాలకని విడివిడిగా రాసి అమ్ముతున్నారు. చలిలో పనితనాన్ని ధరే తేల్చేదైతే ఆ రాత అక్కరలేదు కదా.

లోపలి దారం లెక్క ఇంకా స్పష్టం. గుండ్రటి పోగును వంచడానికి పట్టే బలం దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. ఒంటి పోగును అదే మొత్తం మందం ఉండేలా 100 సన్నపోగులుగా చీల్చి, అవి ఒకదాని పక్కన ఒకటి స్వేచ్ఛగా జారేలా ఉంచితే, వంచడానికి వందో వంతు బలం చాలు. లైనులో పూత దారాన్ని పట్టుకుని ఉంటుంది కాబట్టి లాభం అంత నిండుగా రాదు, వచ్చినంత మాత్రం తక్కువేం కాదు. సన్నపోగులతో అల్లిన నైలాన్ దారం అరుదైన సరుకు కాదు, ఖరీదైనదీ కాదు. ట్రౌట్ కోసం చేసే మామూలు లైన్లలో చాలావాటికి అదే ఉంటుంది. చలిలో మెత్తదనానికి సగం మూలమైన వస్తువు చవక లైనులోనూ ఉన్నప్పుడు, మిగతా సగం కోసం మూడింతల ధర ఎందుకు పెట్టాలో నాకు అర్థం కాదు.

బావ: సరే, ఉష్ణమండలపు లైను సంగతి ఒప్పుకున్నాను. ఒక తప్పుడు కొనుగోలును చూపించి నువ్వు నా మాట కొట్టేస్తున్నావు గాని, అసలు చిక్కు వేరు. చవక లైను పెట్టె మీద ఏం రాసి ఉంటుంది? అన్ని కాలాలకూ, అన్ని చేపలకూ, కొత్తవాళ్లకూ పాతవాళ్లకూ అని. లోపల ఏ దారమో రాయరు, ఏ ఉష్ణోగ్రతకో రాయరు. పది పదిహేను డాలర్లకు ఇంటికే వచ్చే లైనులో ఏముందో కొనేవాడికి ఎలా తెలుస్తుంది? ఖరీదైనదానిలో కనీసం చెప్పిందే ఉంటుంది. చల్లని నీటికి అని రాస్తే చల్లని నీటికే. నువ్వు రసాయన శాస్త్రం చెబుతున్నావు, నేను బజారు సంగతి చెబుతున్నాను. దుకాణంలో నిలబడ్డ కుర్రాడికి నీ నాలుగో ఘాతం ఏం సాయం చేస్తుంది?

ఇక్కడ బావ పట్టు బలంగానే ఉంది. చవకదనం వల్ల చలిలో జరిగే నష్టాల్లో పెద్దది నాసిరకం పూత కాదు, సమాచారం లేకపోవడమే. లోపల ఏముందో చెప్పని లైను ఒకటి బాగుండవచ్చు, ఇంకోటి పాడై ఉండవచ్చు. కొనేవాడు ప్రతిసారీ అదృష్టం మీద ఆధారపడాలి. బావమరిది ఈ మాటకు తల వంచాల్సిందే, వంచాడు కూడా.

బావమరిది: పేరూ ఊరూ లేని పది డాలర్ల లైను తరఫున నేను వాదించను. అది చలికే కాదు, ఏ కాలానికైనా జూదమే. చవక అని నేనంటున్నది 30 నుంచి 50 డాలర్ల మధ్య, తెలిసిన తయారీదారు చేసిన, లోపల అల్లిన దారం ఉందనీ చల్లని లేదా మధ్యస్థ ఉష్ణోగ్రతకనీ పెట్టె మీద చెప్పిన లైనును. అలాంటివి దొరుకుతాయి. ఇక కుర్రాడి సంగతి. బరువు సరిగ్గా ఉందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. 1961లో అమెరికా పరికరాల తయారీదారుల సంఘం పెట్టిన ప్రమాణం ప్రకారం 5వ నంబరు లైను మొదటి 30 అడుగులు 140 గ్రెయిన్లు తూగాలి, అంటే 9 గ్రాములకు కాస్త ఎక్కువ. ఇప్పటి లైన్లలో చాలావాటిని కావాలనే కొంత బరువుగా చేస్తున్నారు, అది వేరే సంగతి. చలికి బరువు మారదు కాబట్టి ఆ ఒక్క విషయంలో చలికాలం పరీక్ష అక్కర్లేదు. మెత్తదనానికి పరీక్ష ఇంకా సులువు. చలికాలపు నది 4 డిగ్రీల లోపు ఉంటుంది, వంటింటి ఫ్రిజ్ కూడా 4 డిగ్రీల దగ్గరే నడుస్తుంది. లైనును రీలుతో సహా ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున తీసిన వెంటనే ఐదారు మీటర్లు లాగి చూస్తే చాలు. చుట్టలుగా నిలబడిందా, చేత్తో నెమ్మదిగా సాగదీస్తే తిన్నబడిందా, లేక మళ్లీ చుట్టుకుందా అన్నది అక్కడే తెలుస్తుంది. నదికి వెళ్లాక తెలుసుకోవడం కన్నా వాపసు ఇచ్చే గడువులోనే తెలుసుకోవడం మేలు. ఈ పరీక్షలో ఓడిపోతే ఖరీదైనదాన్నైనా తిప్పి పంపాల్సిందే.

రీలు గురించి కూడా మాట్లాడాలి బావగారూ. లైనును తిట్టేవాళ్లలో చాలామంది రీలును చూడరు. ఒక మిల్లీమీటరు లావున్న లైను, రెండున్నర సెంటీమీటర్ల వ్యాసమున్న ఇరుకు ఇరుసుకు చుట్టుకుంటే, దాని వెలుపలి అంచు 4 శాతం సాగుతుంది, లోపలి అంచు అంతే నొక్కుకుంటుంది. అదే లైను 6 సెంటీమీటర్ల ఇరుసుకు చుట్టుకుంటే ఆ సాగుడు 1.7 శాతం లోపే. వారాల తరబడి అలా సాగి ఉన్న ప్లాస్టిక్ ఆ వంపుకే అలవాటు పడుతుంది. దాన్నే గాలగాళ్లు మెమరీ అంటారు. చలిలో పాలిమర్ గొలుసులు కదలలేవు కాబట్టి ఆ వంపు విడవదు. సాగుడు లెక్కలో లైను లావు ఉంది, ఇరుసు వ్యాసం ఉంది, వెల ఎక్కడా లేదు. పాత చిన్న రీలు ఉంటే కింద బ్యాకింగ్ దారం నిండా చుట్టి ఇరుసును లావు చేసుకోవచ్చు. దానికయ్యేది కొద్ది డాలర్లు.

బావ: లైనులో లోపముంటే రీలు మీదికి నెట్టడం న్యాయం కాదు. మంచి లైను చిన్న రీలు మీద కూడా తిన్నగా వస్తుంది.

బావమరిది: కొంత మెరుగ్గా వస్తుంది, పూర్తిగా తిన్నగా రాదు. మరో దోషి కూడా ఉంది, లీడర్. లైను చివర కట్టే తొమ్మిదడుగుల నైలాన్ లీడర్ పొట్లంలో అరచేతంత చుట్టగా వస్తుంది, మొదలు దాదాపు అర మిల్లీమీటరు లావుండే ఒంటి పోగు. చలిలో అది లైను కన్నా మొండిగా చుట్టుకుంటుంది. చేపకూ ఇండికేటర్‌కూ మధ్య ఉండేది అదే కాబట్టి, మెత్తటి తాకిడి తెలియకుండా చేసేదీ చాలాసార్లు అదే. శిక్ష మాత్రం లైనుకు పడుతుంది. లీడర్‌ను వేళ్ల మధ్య బిగించి ఒకటికి రెండుసార్లు మెల్లగా లాగితే వేడెక్కి తిన్నబడుతుంది. నది ఒడ్డున మొదటి పని అదైతే, సగం ఫిర్యాదులు అక్కడితో ఆగిపోతాయి.

బావ: మంచు సంగతేమంటావు? రాడ్ మీద లైను దూరే గైడ్లలో మంచు గడ్డకట్టి లైను కదలకుండా పోతుంది. నున్నటి, నీరంటని పూత ఉన్న ఖరీదైన లైనుకు ఆ బాధ తక్కువ కాదా?

బావమరిది: లైను లాగినప్పుడల్లా దానితో పాటు పలచటి నీటి పొర గైడ్ల దాకా వస్తుంది, గాలి సున్నాకు కింద ఉంటే అక్కడ గడ్డకడుతుంది. నున్నటి పూత ఆ నీటిని కాస్త తగ్గిస్తుంది, అంతే. మైనస్ 6లో అందరి గైడ్లూ మూసుకుపోతాయి. దీనికి మందు వెలలో లేదు, పద్ధతిలో ఉంది. గాలి ఎంత చల్లగా ఉన్నా పారే నీరు సున్నాకు దిగువకు పోదు. కాబట్టి నీటి మీద పడుకున్న లైను గాలిలోని లైను కన్నా వెచ్చగా ఉంటుంది. మాటిమాటికీ లాగి విసరకుండా, ఒకే పొడవు లైనుతో దగ్గర్లో, వెనక్కి విసరకుండా నీటి మీది లైనునే ముందుకు దొర్లించే రోల్ కాస్ట్‌తో వేస్తే గైడ్లలోకి నీరు రాదు, లైనూ చల్లబడదు. చలికాలపు ట్రౌట్ ఎలాగూ 30, 40 అడుగుల దూరంలోపు మడుగుల్లోనే ఉంటుంది. మంచు పట్టిన గైడ్‌ను వేలితో విరగ్గొట్టబోతే రాడ్ కొస విరుగుతుంది. రాడ్‌ను నీళ్లలో ముంచితే మంచు కరుగుతుంది.

బావ: నువ్వింతసేపూ కొత్త లైను గురించే మాట్లాడావు. రెండో చలికాలం సంగతి చెప్పు. ప్లాస్టిసైజర్ పీవీసీతో కలిసి ఒక్కటైపోయే పదార్థం కాదు. మెల్లమెల్లగా పైకి ఊరి బయటికి పోతుంది. ఎండ, కారు డిక్కీలోని వేడి, దోమల మందులోని డీట్, సన్‌స్క్రీన్, ఇవన్నీ పూతను దెబ్బతీస్తాయి. ప్లాస్టిసైజర్ పోయినకొద్దీ మెత్తబడే ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది. అంటే మొదటి జనవరిలో సున్నా దగ్గర మెత్తగా ఉన్న లైను రెండో జనవరిలో అంతకన్నా కాస్త వెచ్చని నీటిలోనే మొండికేయవచ్చు. తర్వాత వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. పగుళ్లలోంచి నీరు అల్లిన దారంలోకి ఎక్కుతుంది, కొస మునగడం మొదలవుతుంది. నువ్వు మెచ్చుకున్న ఆ సన్నపోగుల దారమే నీటిని పీల్చి పైకి లాక్కుంటుంది. ఖరీదైన లైన్లలో ప్లాస్టిసైజర్‌ను పట్టి ఉంచే ఏర్పాటు, నూనె మెల్లగా విడుదలయ్యే పూత ఉంటాయి. చలి పరీక్ష కొన్న రోజున కాదు, ఏడాది తర్వాత పెట్టాలి.

ఈ వాదంలో బావ చెప్పినవాటన్నిట్లో బరువైన మాట ఇదే. దీన్ని తేలిగ్గా తోసేసే రచయిత చవక పక్షానికి మేలు చేయడు. చలిలో మెత్తగా ఉండాలంటే ప్లాస్టిసైజర్ ఎక్కువ కావాలి; ఎక్కువ ఉన్నది ఎక్కువ ఊరుతుంది, మెత్తటి పూత రాళ్ల రాపిడికి తొందరగా గీసుకుపోతుంది. చల్లని నీటి లైను మన్నిక తక్కువ కావడానికి పదార్థ స్వభావమే ఒక కారణం. పాలీయురథేన్ పూతకు ప్లాస్టిసైజర్ అక్కర్లేదు కాబట్టి ఈ బాధ లేదు. కానీ అలాంటి లైన్లకు తొలినాళ్లలో చలిలో చుట్టలు విడవవన్న పేరు పడింది. చలిలో మెత్తదనం, ఎక్కువ కాలం మన్నిక ఒకే పూతలో నిండుగా దొరకడం కష్టం. ఖరీదైన లైనుకు పెట్టే డబ్బు ఆ రెంటినీ దగ్గరికి తేవడానికే ఖర్చవుతోంది. ఇది నిజమైన విలువే. ఆ విలువ ఎవరికి కావాలన్నదే ప్రశ్న.

బావమరిది: మీ మాట నిజమే బావగారూ, లైను ముసలిదవుతుంది. లెక్క వేద్దాం. వారాంతాల్లో మాత్రమే వెళ్లే మనిషికి 40 డాలర్ల లైను రెండు చలికాలాలు వస్తే ఏడాదికి 20 పడింది. 130 డాలర్లది ఆ లెక్కన నిలవాలంటే ఆరున్నర చలికాలాలు మెత్తగా ఉండాలి. అన్నేళ్లు చలికి మెత్తగా ఉండే పీవీసీ లైను ఉందని దుకాణదారుడు కూడా హామీ ఇవ్వడు. పైగా కొత్తగా నేర్చుకునేవాడు లైనును బూటు కింద తొక్కుతాడు, ముళ్లపొదల్లో లాగుతాడు, రాళ్ల మీద ఈడుస్తాడు. ఆ గీతలు 130 డాలర్ల పూత మీదా అంతే లోతుగా పడతాయి. ముసలితనాన్ని వాయిదా వేసే పనులకు ఖర్చూ లేదు. గోరువెచ్చని నీళ్లలో కాస్త మెత్తటి సబ్బు కలిపి తుడవడం, దోమల మందు రాసిన చేత్తో ముట్టుకోకపోవడం, వేసవిలో కారులో వదిలేయకపోవడం, చలికాలం ముందు రీలు నుంచి విప్పి పెద్ద చుట్టగా ఇంట్లో వేలాడదీయడం. నదికి వెళ్లే రాత్రి రీలును గరాజులో కాకుండా ఇంట్లో ఉంచడం, ఒడ్డున మొదటి పది మీటర్లు చేత్తో మెల్లగా సాగదీయడం కూడా ఇందులోకే వస్తాయి. ఖరీదైన లైనుకూ ఇవన్నీ చేయాల్సిందే. చేయనివాడికి అదీ త్వరగానే పాడవుతుంది.

బావ: అయితే నేను చెప్పినదానికి చోటే లేదా? రెండు చేతుల స్పే రాడ్‌తో నది అవతలి ఒడ్డు దాకా వేసేవాడున్నాడు. మునిగే కొసలు కట్టి స్టీల్‌హెడ్ కోసం రోజంతా, వారానికి నాలుగు రోజులు నీళ్లలో నిలబడేవాడున్నాడు. వాడికి లైను గైడ్లలోంచి జారే తీరులో చిన్న తేడా కూడా భుజాల నొప్పిగా మిగులుతుంది.

బావమరిది: ఆయనకు ఖరీదైనదే కొనమంటాను, అందులో వాదం లేదు. దూరం విసరాల్సినప్పుడు లైను చాలాభాగం గాలిలోనూ గైడ్లలోనూ ప్రయాణిస్తుంది. అక్కడ నునుపుకూ, కొస నుంచి మొదలు దాకా లావు మారే తీరుకూ, పూత ఒకే మందంలో ఉండటానికీ పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది. బజారులోని 130 డాలర్ల లైనును కొంటున్నది ఆయన ఒక్కడే కాదు బావగారూ. ఏడాదికి నాలుగైదుసార్లు వెళ్లేవాడు కూడా, చలికి భయపడి, ధరను చలికి రక్షణ అనుకుని కొంటున్నాడు. పెట్టె మీద ఏ ఉష్ణోగ్రతకో చదవకుండా కొంటున్నాడు. నా తగువంతా ఆ భయంతోనే.

బావమరిది పక్షమే నాకు నమ్మదగినదిగా ఉంది. లైను చలిలో ఎలా ఉంటుందో తేల్చేవి మొదట పూత ఏ ఉష్ణోగ్రతకు కలిపారన్నది, తర్వాత లోపలి దారం ఒంటి పోగా అల్లినదా అన్నది, ఆ తర్వాత రీలు ఇరుసు, లీడర్, శుభ్రత. ధర వీటి తర్వాత వస్తుంది, వచ్చినప్పుడు కూడా మెత్తదనం కన్నా మన్నికనూ నునుపునూ ఎక్కువగా కొనిపెడుతుంది. బావ గెలిచిన చోట్లు రెండున్నాయి: ఏమీ చెప్పని పెట్టెను నమ్మకూడదు, వయసు మీరిన లైనును చలిలోకి తీసుకెళ్లకూడదు. ఆ రెండూ ఖరీదైన లైనుకూ వర్తిస్తాయి.

ఈ చలికాలం మొదటిసారి నదికి బయలుదేరుతున్న పాఠకులు 40 డాలర్లకు చల్లని నీటి లైనే కొనండి, పెట్టె మీద ఆ మాట లేకపోతే దుకాణంలోనే వదిలేయండి. మిగిలిన డబ్బులో కొంత వెడల్పు ఇరుసు రీలుకు పెట్టండి, మిగతాది తడిసినా వెచ్చగా ఉంచే చేతితొడుగులకూ, నీళ్లలో దిగే బూట్లలోకి మందపాటి ఉన్ని మేజోళ్లకూ పెట్టండి. వచ్చే ఏడాది నవంబరులో మళ్లీ ఆ లైనును ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి చూడండి. సాగదీసినా చుట్టలు విడవకపోతే మార్చేయండి.